చేతి మీది పేరు

ఆఫీసు ఫోటోల పోటీలో జోయెల్ తీసిన ఫోటోకి మొదటి బహుమతి వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం, కింది అంతస్తులో కప్పులు పగిలిన చప్పుడైంది. క్యాంటీన్‌కి వెళ్తున్న జోయెల్ వెనక్కి తిరిగి చూశాడు. పాంట్రీలో పనిచేసే లక్ష్మి ట్రే జారవిడిచి, గోడకి తగిలించిన ఆ ఫోటో ముందు కదలకుండా నిలబడి ఉంది. వేడి టీ ఆమె పాదాల మీద పడింది. ఆ సంగతి ఆమెకి తెలిసినట్టే లేదు.

"అక్కా, కాలిందా?" అంటూ పరిగెత్తాడు.

"సార్, గిది ఎవలు తీసిన్రు?"

"నేనే అక్కా."

"గా చెయ్యి మా ఆయనది."

జోయెల్‌ది తెనాలి. హైటెక్ సిటీలో ఉద్యోగం, కొండాపూర్‌లో గది. ఆదివారం చర్చి అయ్యాక కెమెరా మెడలో వేసుకుని ఊరంతా తిరగడం అతని అలవాటు. మే నెలలో అలాగే బాలానగర్ వెళ్లాడు. ఒక వర్క్‌షాప్ షట్టర్ సగం దించి ఉంది. వంగి చూస్తే లోపల లేత్ మెషిన్ మీద రెండు చేతులు కనిపించాయి. చిటికెన వేలు సగం లేదు. నూనె మరకల మధ్య ముంజేతి మీద 'కనకం' అని పచ్చబొట్టు. నాలుగు ఫోటోలు తీసుకుని వచ్చేశాడు. అడగాలని తోచలేదు. ముఖం పడనప్పుడు అడగడమెందుకనేది అతని లెక్క. ఆ ఫోటోకి పేరు కూడా 'కనకం' అనే పెట్టాడు. ఇనుము కోసే చేతి మీద బంగారమంటూ బహుమతి రోజు అందరూ చప్పట్లు కొట్టారు.

"పేరు ఒకటే అయ్యుంటుంది అక్కా. చేతులన్నీ ఒక్కలాగే..."

"నా పేరు కనకలక్ష్మి సార్. ఈడ లక్ష్మి అంటరు గని, ఇంట్ల కనకమే. జాతరల నేనే పక్కన కూసొని పొడిపిచ్చిన. ఆఖరి సున్న కిందికి జారింది సూడుండ్రి."

చూశాడు. సున్న నిజంగానే జారి ఉంది. రెండు నెలలుగా కంప్యూటర్ మీద వందసార్లు పెద్దది చేసి చూసిన ఫోటో. ఆ సున్న అతనికెప్పుడూ కనపడలేదు.

"మీ ఆయన ఇప్పుడెక్కడ ఉంటారు?"

"సచ్చిపోయి తొమ్మిదేండ్లైంది."

జోయెల్ ఆమెని పక్కనున్న మెట్ల దగ్గరికి తీసుకెళ్లాడు.

మెట్ల మీద కూర్చుని ఆమె చెప్పింది. భర్త పేరు మొగిలి. సిటీలో ఏదో కంపెనీలో పనికి కుదిరి, వారానికోసారి జనగామ పక్కనున్న ఊరికి వచ్చేవాడు. ఒక వారం రాలేదు. ఫోన్ లేదు. నాలుగో రోజు రైలు పట్టాల మీద ఒక శవం దొరికిందన్నారు. గుర్తుపట్టడానికి ముఖం లేదు, చేతులు లేవు. అంగీ చూసి, అది తన అన్న శవమేనన్నాడు మరిది. దినాలు చేశారు. ఆరేళ్ల కూతురు శిరీషని తీసుకుని ఆమె పనికోసం ఇటు వచ్చింది.

"గప్పుడు వేలు మంచిగనే ఉండె. వేలు ఎప్పుడు పోయిందో తెల్వదు. కని చెయ్యి గదే."

శనివారం ఉదయం ఇద్దరూ బాలానగర్ వెళ్లారు. కూతురికి ఏమీ చెప్పలేదంది. తాను పొరబడ్డానని తేలితే ఒక్కతే ఏడ్చుకుంటుందట. ఆమె పొరబడి ఉండాలనే జోయెల్ దారి పొడుగునా ప్రార్థించాడు. మనిషి బతికి ఉండకూడదని ప్రార్థిస్తున్నానని మధ్యలో తట్టి ఒళ్లు జలదరించింది.

షట్టర్ ఈసారి పూర్తిగా ఎత్తి ఉంది. గుమ్మం దగ్గర కూర్చున్న యజమాని, జోయెల్ ఫోన్‌లో చూపించిన ఆ ఫోటో చూసి, "కిష్టయ్యా, నీ కోసం ఎవరో వచ్చిండ్రు" అని కేకేసి ఫోన్ మాట్లాడుతూ బయటికి వెళ్లాడు.

లేత్ మీద వంగిన మనిషి తలెత్తాడు. గడ్డం నెరిసింది. ఆమెని చూసి మెషిన్ ఆపాడు. అది తిరిగి తిరిగి పూర్తిగా ఆగింది.

"పోరి మంచిగుందా?" అన్నాడు చివరికి.

"కిష్టయ్యనా?" అంది కనకలక్ష్మి. "గిప్పుడు నీ పేరు కిష్టయ్యనా?"

మొగిలి నేల చూపులు చూస్తూ చెప్పాడు. ఆ వారం కంపెనీలో రేకులు కోసే ప్రెస్సు కింద వేలు తెగింది. పనిలోంచి తీసేశారు. ఇంటికి పోయే మొహం లేక దవాఖాన వరండాలోనే వారం రోజులు పడున్నాడు. ఆ తర్వాత బస్సెక్కాడు.

"ఊరి మలుపు దాక వచ్చిన. కరెంటు స్తంభానికి నా ఫ్లెక్సీ కట్టున్నది. మన పెండ్లి ఫోటోల నా ముఖం కత్తిరిచ్చి పెట్టిన్రు. కింద అశ్రునివాళి అని రాసున్నది."

"సూసినవా? సూసి కూడ రాలేదా?"

"సూసినంక మనసు తేలికైంది కనకం. అబద్ధం ఎందుకు చెప్పాలె. ఇగ ఎవనికి మొహం సూపియ్యక్కర లేదనిపిచ్చింది. అటే ఎన్కకు మర్రిపోయిన."

ఆమె చెయ్యి చేసుకుంటుందేమోనని జోయెల్ అనుకున్నాడు. ఆమె కదల్లేదు. నిలబడ్డ చోటి నుంచే అడిగింది.

"మరి మేం కాలవెట్టింది ఎవన్ని?"

మొగిలి తలెత్తి చూశాడు. తొమ్మిదేళ్లలో ఆ ప్రశ్న ఒక్కసారైనా అతని బుర్రలోకి వచ్చినట్టు లేదు.

"ఎవ్వలి కొడుకో," అంది ఆమె. "ఎవ్వలి మొగడో. వాళ్లింట్ల ఇంక ఎదురుసూస్తుండొచ్చు."

కాసేపు కొంగుతో ముఖం అదిమి పట్టుకుంది. తర్వాత జోయెల్ వైపు తిరిగింది.

"సార్, ఫోటో తియ్యుండ్రి. ఈయన బతికున్నడని నేను చెప్తె ఎవ్వలు నమ్మరు. ముఖం రావాలె."

మొగిలి రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ వేళ్ల సందుల్లోంచి జోయెల్‌ని అడిగాడు, "అప్పుడు నన్ను అడిగిన్రా సార్ మీరు?"

"లేదు. ముఖం పడలేదు కదా అని..."

"ముఖం లేకుంటె నేను గానా?"

జోయెల్ కెమెరా సంచీ తెరవలేకపోయాడు.

"చేతులు దియ్యి," అంది కనకలక్ష్మి భర్తతో. "తొమ్మిదేండ్లు దాసుకున్నవు. గిదొక్కటన్న చెయ్యి."

మొగిలి చేతులు దించాడు. జోయెల్ కెమెరా తీశాడు. మొదటిది మసకగా వచ్చింది. రెండోదానిలో ముఖం పడింది. వెలుతురు బాగాలేదు, వెనక గోడ మీద దుమ్ము క్యాలెండర్. అలాంటి ఫోటో ఇంకొకరు తీసి ఉంటే జోయెల్ రెండోసారి చూసేవాడు కాదు.

సోమవారం పొద్దున్నే హెచ్ఆర్ మేనేజర్ ఉమాశ్రీ దగ్గరికి వెళ్లి ఫోటో గోడ మీంచి తీసెయ్యమన్నాడు. విషయం విని ఆమె కుర్చీలో వెనక్కి వాలిపోయింది.

"గోడ మీంచి తీయించేస్తానండీ. కంపెనీ పేజీలో కూడా తీసేస్తాం. కానీ పన్నెండు వేలమంది షేర్ చేశారు జోయెల్ గారూ. వాళ్ల దగ్గర్నుంచి ఎలా తీస్తాం?"

జోయెల్‌కి ఆ సంఖ్య చూసి శుక్రవారం దాకా గర్వంగా ఉండేది.

కనకలక్ష్మి ఆ రెండో ఫోటో పట్టుకుని రైల్వే పోలీసుల దగ్గరికి వెళ్లింది. జోయెల్ తోడు వెళ్లాడు. పాత ఫైలు బయటికి తీశారు. అప్పట్లో తప్పిపోయినవాళ్ల జాబితా మళ్లీ చూస్తామని రాసుకున్నారు. మొగిలిని రెండుసార్లు పిలిపించారు. మూడోసారికి అతను వర్క్‌షాప్ వదిలి వెళ్లిపోయాడు. ఎక్కడికో యజమానికీ తెలియదు. శిరీష తండ్రిని చూడాలని అడగలేదు. ఫోటో కూడా చూడనంది. చనిపోయినతని ఆచూకీ మాత్రం ఇంతవరకూ దొరకలేదు.

చనిపోయినవాళ్ల పేరు మీద బియ్యమిచ్చే పెత్రమాస మర్నాడు పాంట్రీలో జోయెల్‌కి టీ ఇస్తూ కనకలక్ష్మి చెప్పింది.

"నిన్న అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చిన సార్. ఎప్పటోలెనే."

"ఎవరి పేరు మీద అక్కా?"

"అయ్యగారు గదే అడిగిండు. పేరు తెల్వదన్న. పేరు లేకుంట ఎట్లమ్మ అన్నడు. తొమ్మిదేండ్ల సంది మొగిలి పేరు చెప్పిన గని, తిన్నది గా పట్టాల మీద పోయినాయనే గద, ఇగ ఆపెయ్యమంటరా అన్న."

"ఏమన్నారు?"

"ఏమంటడు, తీసుకున్నడు," అని ఆమె తర్వాతి బల్ల దగ్గరికి వెళ్లింది.