ఉతికి తేవలసిన కట్టు

భానుమూర్తి కట్టుగుడ్డను తొడ మీద అదిమి, అరచేత్తో ముందుకు దొర్లిస్తూ చుడుతున్నాడు. అలా చుడితే మడత పడదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మిగతా డాక్టర్లు వాడిన కట్టును పారేస్తారు. ఈయన దగ్గర కట్టించుకున్నవాళ్లు మాత్రం ఉతికి, ఇలాగే చుట్టి తెచ్చివ్వాలి. తేనివాణ్ని గుమ్మంలోనే తిడతాడు. ఆ తిట్లు పడలేక చాలామంది రావడం మానేశారు.

సకలజనుల సమ్మె. బస్సుల్లేవు. ఎల్బీ నగర్‌లోని ఇంటి నుంచి నడిచి రావడంతో, ఎప్పుడో దెబ్బతిన్న ఆయన మోకాలు వాచింది.

క్లినిక్‌కు గది అద్దెకిచ్చిన మట్టయ్య లోపలికి రాకుండా మెట్ల మీదే నిలబడ్డాడు. నల్లగొండ పల్లె నుంచి వచ్చి, లారీలు తిప్పి ఈ మేడ కట్టుకున్న మనిషి.

“డాక్టర్ సాబ్, బోర్డు చూసిన్రా?”

రాత్రి ఎవరో దానికి తారు పూశారు. పేరు పక్కన ఎం.బి.బి.ఎస్., ఆ పక్కన బ్రాకెట్లో ‘ఆంధ్ర’. చదివిన విశ్వవిద్యాలయం పేరు రాసుకోవడం ఆయన కాలపు పద్ధతి. తారు సగం అక్షరాలకే అంటింది.

“చూశాను. పూసినవాడికి పనితనం లేదు.”

“అది మీ కాలేజీ పేరని నాకెరుకే. వాళ్లకు గూడ ఎరుకే. అయినా ఉండొద్దంటున్నరు. పొద్దుగూకేలోపు గా మాట చెరిపెయ్యున్రి. లేకుంటే రూము ఖాళీ చెయ్యున్రి. రేపు నా అద్దాలు పలుగుతే ఎవరు పెట్టిస్తరు?”

“చెరిపేస్తే నేనెక్కడ చదివినట్టు?”

“నన్నడుగుతరేంది?” అని మట్టయ్య వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఒకతను కుంటుకుంటూ వచ్చాడు. పేరు లింగస్వామి, సమ్మెలో ఉన్న ఆర్టీసీ డ్రైవరు. పోలీసులు తరిమితే డివైడరు దూకి చీలమండ మెలిపెట్టుకున్నాడు. ఇంకే దవాఖానా తెరిచి లేదు కాబట్టే వచ్చానని ముందే చెప్పాడు.

భానుమూర్తి అతని పాదాన్ని ఒళ్లో పెట్టుకుని నొక్కి చూశాడు. ఎముక విరగలేదు. చెయ్యి చూస్తే గోళ్ల సందుల్లో తారు.

“కిరసనాయిలుతో పోతుంది.”

లింగస్వామి చెయ్యి దాచుకోబోయి మానేశాడు. “పోకున్నా ఫికర్ లేదు. నేనే పూసిన. అయితే ఏంది?”

“అయితే కదలకుండా కూర్చో. వారం నడవకూడదు.”

“మాపటికి ఊరేగింపుంది. నడవాలె.”

“దేనికి, నన్ను పొమ్మనడానికా?”

“అవును.”

కట్టు చుడుతున్న భానుమూర్తి చేతులు ఆగాయి. మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో, దేశం తరఫున ఫుట్‌బాల్ ఆడిన రోజు ఆయన చీలమండా ఇలాగే ఉంది. వద్దన్న కోచ్‌తో ఆయనా ఇంతే మొండిగా, ఆడాలి అన్నాడు. పైసా రాని ఆట. దానికోసం పరీక్ష పోయి, ఏడాది ఆలస్యంగా డాక్టరయ్యాడు. తిరిగొచ్చాక జెర్సీ ఉతికి పంపమన్నారు, పంపాడు. ఇంట్లో ఒక్క ఫొటో లేదు. జట్టుకు ఎంపికైందీ, పరీక్ష తప్పిందీ, మళ్లీ రాసి గట్టెక్కిందీ ఆ బ్రాకెట్లో ఉన్న విశ్వవిద్యాలయంలోనే. ఆ రోజులకు మిగిలిన గుర్తు బోర్డు మీది ఆ మాటొక్కటే.

సగం వేసిన కట్టు విప్పేశాడు. మడమ వదిలి, పాదం కింద నుంచి చీలమండ మీదికి అటూ ఇటూ బిగించి తిప్పాడు. పిన్ను పెట్టకుండా కొస లోపలికి దోపాడు.

“ఇది ఆటగాళ్ల కట్టు, నడవనిస్తుంది. రాత్రికి నొప్పి రెండింతలవుతుంది. అప్పుడు నన్ను తిట్టుకోకు.”

“ఇప్పుడు తిడుతనే ఉన్న గద.”

“రేపు ఉతికి తేవాలి. ఎలా చుట్టాలో చూడు.” ఇంకో కట్టు తీసి తొడ మీద చుట్టి చూపించాడు.

“గుడ్డపేలిక మీద గూడ ఇంత ఆశనా మీకు?” లింగస్వామి నవ్వలేదు. “తెస్త. మా తెలంగాణ మాకు, మీ కట్టు మీకు.”

సాయంత్రం ఊరేగింపు కిటికీ ముందు నుంచే సాగింది. నినాదాలకు అద్దాలు అదిరాయి. ముందు వరసలో లింగస్వామి పిడికిలెత్తి అరుస్తున్నాడు. భానుమూర్తి అతని పాదం వైపే చూశాడు. కుంటడం లేదు. కట్టు జారలేదు.

జనం వెళ్లాక మట్టయ్య తెల్లరంగు డబ్బా, కుంచె పట్టుకొచ్చాడు. భానుమూర్తి డబ్బా మూత మీద గది తాళంచెవి పెట్టి, స్టూలెక్కి తనే బోర్డు విప్పుకున్నాడు.

“ఆటో దొరుకుతదేమో చూస్త, జర ఆగున్రి,” అన్నాడు మట్టయ్య మొహం చూడకుండా.

“అక్కర్లేదు.”

బోర్డు చంకన పెట్టుకుని, మోకాలు ఈడ్చుకుంటూ ఎల్బీ నగర్ వైపు నడిచాడు.

మర్నాడు పొద్దున లింగస్వామి కట్టు లేని వాచిన కాలితో వచ్చాడు. షట్టరు మూసి ఉంది. పైన గోడ మీద బోర్డు మేర తెల్లగా మిగిలింది.

“ఏడి?”

“పోయిండు,” అన్నాడు మట్టయ్య.

“ఎందుకు?”

“పొమ్మన్నది నువ్వే గద.”

లింగస్వామి మెట్టు మీద కూలబడ్డాడు. చాలాసేపు తొడ మీద ఏదో చుట్టాడు, విప్పాడు, మళ్లీ చుట్టాడు. అతను వెళ్లాక చూస్తే, ఇంకా పూర్తిగా ఆరని కట్టు ఒక్క మడత లేకుండా, కొస లోపలికి దోపి, షట్టరు తాళం మీద ఉంది.