పుస్తకం కింద అమ్మ చెయ్యి

రోజూ సాయంత్రం బడి గంట కొట్టగానే లైబ్రేరియన్ పిల్లల గది తలుపులు బార్లా తీసి, కిటికీలు తెరిచి, బల్ల తుడిచి, కళ్లజోడు తగిలించుకుని కూర్చుంటుంది. కాసేపటికి పిల్లలు బిలబిలమంటూ వచ్చి పడతారు.

ఆ గదిలో పుస్తకాలకు సొంత బరువంటూ ఉండదు. పట్టుకున్న మనిషిని బట్టి మారుతుంది. నచ్చబోయే నవల నాలుగొందల పేజీలున్నా దూదిలా లేస్తుంది. నచ్చనిది నలభై పేజీలైనా మణికట్టు లాగేస్తుంది. ఇది ఊళ్లో అందరికీ తెలిసిందే కాబట్టి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు.

అలాగని లైబ్రేరియన్‌కి పని తక్కువేం కాదు. పదేళ్ల పిల్లలతో వ్యవహారం అటూ ఇటూ కానిది. బొమ్మల పుస్తకమిస్తే చిన్నబుచ్చుకుంటారు, పెద్దవాళ్ల నవలిస్తే ఆవులిస్తారు. వాళ్లను ‘ఏ పుస్తకం కావాలి’ అని ఆవిడ ఎన్నడూ అడగదు. ‘ఈమధ్య కడుపుబ్బా ఎప్పుడు నవ్వావు? ఇప్పుడు ఎవరి మీద కోపంగా ఉంది?’ అని అడుగుతుంది. జవాబు విన్నాక లేచి, సరిగ్గా ఏ అరలో చెయ్యి పెట్టాలో అక్కడ పెడుతుంది.

ఆ మంగళవారం బడి యూనిఫారాలు కుట్టే ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. కూతురు ఒక్కచోట నిలవదు కనక అందరూ బొంగరం అంటారు. దాని బడిసంచీ, నీళ్లసీసా రెండూ అమ్మ భుజానే ఉన్నాయి.

“సోమవారంలోగా ఒక్క పుస్తకమైనా పూర్తిగా చదివి కథ చెప్పకపోతే కింది క్లాసులో కూర్చోబెడతామన్నారండి టీచరు,” అంది అమ్మ. “దీనికేమో అన్నీ బరువే.”

“కింది క్లాసులో పక్కింటి తమ్ముడుంటాడు,” అంది బొంగరం నేల చూస్తూ. “వాడి పక్కన నేను కూర్చోను.”

“కూర్చోవద్దులే,” అంది లైబ్రేరియన్. ఆవిడది ఉడుంపట్టు.

తప్పిపోయిన ఏనుగును వెతికే అక్కాచెల్లెళ్ల నవల తీసిచ్చింది. బొంగరం అందుకుంది, పడిపోతుందేమోనని అమ్మ కింద చెయ్యి పెట్టింది. ఇద్దరి చేతులూ కిందికి జారాయి. మర్నాడు పడవను ఎత్తుకుపోయిన కవలల కథ ఇచ్చింది. అదీ బరువే. గురువారం, శుక్రవారం కలిపి ముప్ఫై పుస్తకాలయ్యాయి. పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. లైబ్రేరియన్‌కి ఆ నీళ్లు చూస్తే తన మీద తనకే కోపం వచ్చింది.

శనివారం ఆఖరి రోజు. దారిలో చెడిపోయిన సర్కస్ లారీ నవల, మూడొందల పన్నెండు పేజీలది, తీసుకొచ్చింది. బొంగరం చేతులు చాపింది. కింద అమ్మ చెయ్యి వచ్చేసింది. అప్పుడు చూసింది లైబ్రేరియన్. ఇరవయ్యేళ్ల అనుభవం ఉండీ నాలుగు రోజులుగా ఎవరిని తూస్తోందో అప్పటికి తెలిసొచ్చింది.

“అమ్మా, చెయ్యి తియ్యండి.”

“పడేస్తుందండి.”

“పడెయ్యనివ్వండి. మీ చెయ్యి ఉన్నంతసేపూ అది మీ బరువే చూపిస్తుంది.”

అమ్మ తియ్యలేదు. “నాకు చిన్నప్పట్నించీ పుస్తకాలు బరువేనండి. మొయ్యలేక అయిదో క్లాసులో మానేశాను. దానికీ అంతేనేమో, సగమన్నా నేను మోద్దామని...”

“తెలుసమ్మా. అయినా తియ్యండి.”

ఒక్కో వేలే తీసింది. చిటికెనవేలు కూడా వదిలాక పుస్తకం బొంగరం గడ్డం దాకా లేచింది. పిల్ల అనుమానంగా అట్ట తెరిచి, లోపల పేజీలున్నాయో లేవో చూసుకుంది. చూస్తూ చూస్తూ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

ఆదివారమంతా కుట్టుమిషన్ పక్కన పైకి చదివింది. మిషన్ చాలాసార్లు ఆగింది. “ఆగావేం, తర్వాత?” అని రెండుసార్లు అమ్మే అడిగింది. సోమవారం బడిలో బొంగరం కథ మొదలుపెడితే, చాలు తల్లీ అని టీచరు బతిమాలుకోవాల్సి వచ్చింది. తన క్లాసులోనే, తన చోటే కూర్చుంది.

సాయంత్రం ఇద్దరూ వచ్చారు. సంచీ బొంగరం భుజానికే ఉంది.

“ఆ లారీ కథకి రెండో భాగముంది, పట్టుకోండి,” అని లైబ్రేరియన్ పుస్తకాన్ని అమ్మకి అందించింది. అమ్మ అలవాటుగా కాళ్లు నిలదొక్కుకుని రెండు చేతులతో అందుకుంది. నిండుకుండ అనుకుని ఖాళీకుండ ఎత్తినట్టు చేతులు ఒక్కసారి పైకి పోయాయి. మళ్లీ ఒంటిచేత్తో ఎత్తి చూసుకుంది.

“ఇవి పెద్దవాళ్లకిస్తారా అండీ?”

లైబ్రేరియన్ కొత్త కార్డు తీసి, పేరు రాయడానికి కలం మూత విప్పింది.

“ఇటివ్వండి, నేనే రాస్తాను,” అంది అమ్మ. అయిదో క్లాసు నాటి గుండ్రటి అక్షరాలతో, తొందరపడకుండా తన పేరు రాసుకుంది.

“అమ్మా, అది నాది,” అంది బొంగరం చెయ్యి చాపుతూ.

“నేను చదివాక ఇస్తాను,” అంది అమ్మ.