డామరిస్ పుస్తకంలో నిలిచిన మాటలు

పొద్దున్నే గిన్నెలు కడగడం అయ్యాక డామరిస్ ఆర్కెల్ కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని ఈక కలం చెక్కుకునేది. తోలు అట్ట వేసిన లావుపాటి పుస్తకం తెరిచి, రాత్రి రాలిన అక్షరాలను అరచేత్తో ఊడ్చి కిటికీలోంచి పారబోసేది. నల్ల జీలకర్రలా ఉండేవి అవి. పిచ్చుకలు వచ్చి పొడిచి చూసి, రుచి లేక ఎగిరిపోయేవి.

ఇరవై ఏళ్ళుగా నచ్చిన పద్యమల్లా ఆమె ఆ పుస్తకంలోకి ఎత్తి రాసుకుంటోంది. పత్రికల్లో వచ్చిన వసంత గీతాలు, పెంపుడు చిలక పోయిందని ఎవరో దొరసాని రాసుకున్న శోకగీతం, పొడుపు కథలు, అన్నిటికంటే ఎక్కువగా సమాధి రాళ్ళ మీది పద్యాలు. కవులు వెన్నెల గురించీ ప్రేయసి గురించీ చెప్పే అబద్ధాలకు ఏమీ అయ్యేది కాదు. అవి అబద్ధాలని అందరికీ తెలుసు కదా! సమాధి పద్యంలో మాత్రం నిజం కాని మాట తెల్లారేసరికి కాగితం మీద నిలిచేది కాదు. వెల్‌కోట్‌లో ఊరివాళ్ళెవరూ దీన్ని వింతగా చెప్పుకోలేదు. ఒకరి ఆవు రెండు పూటలా కుండ నిండా పాలిస్తుంది, ఒకరి పుస్తకం అబద్ధం పట్టదు.

అందుకే రాళ్ళు చెక్కే ఓబెడ్ స్టెబ్బింగ్ ఉలి పట్టే ముందు ప్రతి పద్యాన్నీ ఆమె దగ్గరికి తెచ్చేవాడు. పలకరాయి మీద ఒకసారి పడ్డ అక్షరాన్ని మళ్ళీ తీయలేం. పిండిమర టోజర్ పోయినప్పుడు కొడుకులు పన్నెండు పాదాల పద్యం రాయించారు. తెల్లారేసరికి 'డెబ్భై ఒక్క ఏళ్ళు బతికెను' అన్నదొక్కటే మిగిలింది. అదే చెక్కారు. బట్టలుతికే ముసలి జోన్ పోయినప్పుడు, 'మంచునీళ్ళలో చేతులు పెట్టి కూడా పాడేది' అని కూతురు చెప్పిన మాట ఒక్క చుక్కయినా చెదరలేదు.

ఇంగ్లండు రాజుగారు అమెరికాను పోగొట్టుకున్న ఏడాది మే నెలలో డామరిస్ అన్నయ్యకు ఉత్తరం వచ్చింది. అన్నయ్య ఆంబ్రోస్ ఆ ఊరి చర్చికి పాదిరి. ఎక్కడో ఉత్తరాన, స్కాట్లాండ్ సరిహద్దు దగ్గర పెద్ద చర్చి ఇచ్చారు.

"జూన్ నెలాఖరుకి బయల్దేరాలి డామీ. నీ కోళ్ళను కూడా తీసుకెళ్దాంలే," అన్నాడు సంబరంగా.

"అలాగే అన్నయ్యా," అంది ఆమె. ఇరవయ్యో ఏట అమ్మ పోయినప్పటి నుంచి, ఇప్పుడు నలభై ఆరు వచ్చేదాకా, ఆమె అలాగేననే అంటోంది.

మర్నాడు సామాన్లు సర్దుతూ ఉంటే ఒక ఆలోచన తట్టింది. ఊళ్ళో అందరి పద్యాలూ ఉన్నాయి, తనదే లేదు. చిన్నదే కదా అని కూర్చుని రాసింది.

ఇచట నిద్రించునది డామరిస్.
ఆమెకు కోరిక లేదు.
ఆమెను కోరినవారు లేరు.
ఈ ఊరు విడుచుటకు చింత లేదు.

మనసారా నమ్మే రాసింది. తెల్లారి పుస్తకం తెరిస్తే పేజీల మడతలో రెండు 'లేదు'లూ ఒక 'లేరు' పడి ఉన్నాయి.

రెండు 'లేదు'లను చూసి సిగ్గుపడింది. అవి తన సంగతులే, తనకు తెలియాల్సినవే. కానీ ఆ 'లేరు' ఎలా పడింది? కలం ముంచి మళ్ళీ రాసింది. సిరా ఆరడానికి ఇసుక చల్లేలోపే అది జారి ఒళ్ళో పడింది.

అప్పుడే తలుపు తట్టాడు ఓబెడ్. ఆమె గబుక్కున పేజీ మీద చెయ్యి పెట్టింది.

"ఇవాళ పుస్తకం ఖాళీగా లేదు మేస్త్రి గారూ."

"చిన్న పద్యమేనండీ, నాలుగు పాదాలే..." అంటూ ఆమె వేళ్ళ సందుల్లోంచి చూశాడు. రాతి మీద చదివేవాడు గనక ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. చాలాసేపు పట్టింది. టోపీ చేతుల్లో రెండు చుట్లు తిరిగింది.

"మూడో వరసలో ఒక మాట పోయిందండీ."

"తెలుసు. ఎందుకు పోయిందో తెలీదు."

"అది నా వల్ల పోయిందండీ," అన్నాడు ఓబెడ్.

డామరిస్ చెయ్యి పేజీ మీంచి జారింది.

"పోయినేడు ఆకు రాలే రోజుల్లో పొరుగూళ్ళో మెర్సీ టాలిస్ అనే ఆవిడ పోయిందని పద్యం తెచ్చాను, గుర్తుందా?"

"గుర్తులేకేం! పేరుతో సహా పేజీ అంతా రాలిపోయింది. ఎంత అబద్ధాలకోరు కుటుంబమో అనుకున్నాను."

"అసలు ఆవిడ పుట్టనే లేదండీ. ఆ నెల చుట్టుపక్కల ఎవరూ పోలేదు. ఇక్కడికి రావడానికి ఇంకో వంక దొరకలేదు."

ఆమెకు నవ్వు ఆగలేదు. "నన్ను చూడ్డానికి ఒక మనిషిని పుట్టించి చంపేశారా?"

"ముగ్గురినండీ," అన్నాడు తల దించుకుని.

"నోరు తెరిచి అడగొచ్చు కదా, పదకొండేళ్ళుగా వస్తున్నారు?"

"మీరు పాదిరిగారి చెల్లెలు. నేను రాతి దుమ్ములో బతికేవాణ్ణి. అడిగితే ఆ వచ్చే దారి కూడా మూసుకుపోతుందేమోనని భయం."

"మూసుకుపోయేది కాదు," అందామె, చాలా మెల్లగా.

మధ్యాహ్నం భోజనం దగ్గర, ఓబెడ్‌ను పెళ్ళాడి ఇక్కడే ఉండిపోతానని చెబితే ఆంబ్రోస్ చెంచా పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "ఇదేమిటి డామీ! నీకెప్పుడూ ఏ కోరికా లేదు కదా?"

ఆమె పుస్తకం తెచ్చి ముందు పెట్టింది. ఆయన చదివి కళ్ళజోడు తీసేశాడు.

"ఇన్నేళ్ళూ ఇదే నిజమనుకున్నాను."

"నేనూ అనుకున్నాను అన్నయ్యా."

ఆయన లేచి, జీవితంలో మొదటిసారి తన కంచం తనే తీశాడు. ఎక్కడ పెట్టాలో తెలియక దాన్ని పట్టుకుని వంటింటి మధ్యలో నిలబడ్డాడు.

ఆచారం ప్రకారం మూడు ఆదివారాలు చర్చిలో పెళ్ళి ప్రకటన ఆయనే చదివాడు. మూడోసారి చెల్లెలి పేరు దగ్గర తడబడితే జనం దగ్గడం మొదలుపెట్టి ఆయన పరువు కాపాడారు. వెళ్ళిపోయే రోజు పొద్దున పెళ్ళీ ఆయనే చేశాడు. చెల్లెలు రాసిచ్చిన చీటీలు, ఏ చొక్కా ఎప్పుడు వేసుకోవాలో, జలుబు చేస్తే ఏం తాగాలో, కోటు లోపలి జేబులో పెట్టుకుని బండెక్కాడు.

"ఉత్తరం రాయి డామీ."

"ముందు మీరు రాయండి. చేరగానే."

బండి మలుపు తిరిగేదాకా డామరిస్, ఓబెడ్ చర్చి గోడ పక్కన నిలబడ్డారు. ఆమె కళ్ళు తుడుచుకోవడం అయ్యేదాకా ఓబెడ్ అటు తిరిగి గోడ రాళ్ళను చూస్తూ ఉన్నాడు. తర్వాత అడిగాడు:

"మధ్యాహ్నానికి ఏం తింటావు?"

ఇరవై ఆరేళ్ళుగా ఆ ప్రశ్న అడిగింది ఆమే. ఆమెను ఎవరూ అడగలేదు. డామరిస్ నిజంగానే ఆలోచనలో పడింది. నాలుక మీదికి వచ్చినవన్నీ అన్నయ్యకు ఇష్టమైనవే. ఓబెడ్ తొందరపెట్టలేదు, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చర్చి గడియారం పావుగంట కొట్టింది.

"ఉల్లిపాయ," అంది చివరికి. "ఎర్రగా కాల్చిన ఉల్లిపాయ, దానిమీద కరిగిన చీజు. బోలెడంత చీజు."