సూదిది కాదు తప్పు

వేంపల్లె చుట్టుపక్కల పల్లెల్లో ముప్పై ఏండ్లుగా చంటిపిల్లలకు సూదులేస్తున్న నర్సు విశ్వాసమ్మకు నిరుడు ఎండాకాలంలో కుడిచెయ్యి వణకడం మొదలైంది. చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే చాలు, బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే ఆడేవి. సిరంజి పట్టుకుంటే మాత్రం వణుకు ఆగిపోయేది. అందుకే ఆరునెలలు ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చింది.

చివరికి హంపమ్మ చూడనే చూసింది. మనవరాలికి సూది వేయించడానికి అంగన్‌వాడీకి వచ్చినామె, పిల్లను రొమ్ముకు హత్తుకుని వెనక్కి తగ్గింది.

"సిస్టరమ్మా, నీ చెయ్యి అట్లా వణుకుతాండాదేంది? కరోనా సూదుల వల్లనే అంటాండారు ఊళ్లో. మాకూ నువ్వే ఏసినావు కదా. మాకూ అట్లనే అవుతాదా?"

విశ్వాసమ్మ చెయ్యి కొంగు చాటున దాచుకుంది. కరోనా సూదులొచ్చిన ఏడాది ఇంటింటికీ తిరిగి, భయపడేవాళ్లను బతిమాలి, ముందు తాను వేయించుకుని చూపించి మరీ వేసింది. "ఒంట్లో కాపలావాళ్లుంటారు, ఈ సూది వాళ్లకు శత్రువు మొగం చూపిస్తాది, అంతే" అని నచ్చజెప్పేది. తన చెయ్యి పోతే పోనీ, నమ్మిన ఊరికి చెడు చేసినానా? ఆ దిగులే ఆమెను నమిలేసింది.

భర్త యేసుప్రసాద్ ఇక ఊరుకోలేదు. వెంటబెట్టుకుని కర్నూలు తీసుకుపోయాడు. నరాల డాక్టరు శివాని ఆమెను నడిపించింది, వేళ్లు తట్టించింది, కాగితం మీద నాలుగు వాక్యాలు రాయించింది. రాసేకొద్దీ అక్షరాలు చీమలంత అయిపోయాయి.

"పార్కిన్సన్స్ అమ్మా. ఇంకా మొదట్లోనే ఉంది."

విశ్వాసమ్మ తల వంచుకుంది. "ఒంట్లోని కాపలా కణాలే మెదడు మీద పడతాయని ఫోన్‌లో చదివినా మేడమ్. నిజమేనా?"

"కొంత నిజమే. ఈ జబ్బులో మెదడు కణాల్లో ఒక ప్రోటీన్ ముద్దకడుతుంది. రక్షణ కణాలు దాన్ని పరాయిదనుకుని మన కణాల మీదికే పోతాయేమో అంటున్నారు. జబ్బు తొలి రోజుల్లో, వణుకు రాకముందు కూడా, వాటి జోరు ఎక్కువగా ఉండొచ్చని కొన్ని పరిశోధనల్లో కనబడింది. అయితే అసలు కారణం అదేనా అన్నది ఇంకా తేలలేదు."

"వాటిని రెచ్చగొట్టింది మా సూదులేనా?"

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "మీకు వాసన తెలుస్తోందా?"

"లేదు. శానా ఏండ్లయింది."

"ఎప్పటి నుంచి?"

పప్పు మాడి ఇల్లంతా పొగ కమ్మినా తనకు తెలియని రోజు విశ్వాసమ్మకు గుర్తొచ్చింది. "మా బిడ్డ నిస్సీ పదో తరగతి పరీక్షలు రాసిన ఏడు."

"రెండువేల పదహారు" అన్నాడు యేసుప్రసాద్. "నిద్రలో కేకలేసి నన్ను తన్నేది కూడా అప్పటి నుంచే మేడమ్."

డాక్టరమ్మకు నవ్వొచ్చింది. "కరోనా సూదులు వేసింది ఇరవై ఒకటిలో కదా. ఈ వాసన పోవడం, నిద్రలో తన్నడం జబ్బుకు తొలి గుర్తులు. అంటే ఐదేండ్ల ముందే మీలో మొదలైనట్టుంది. ఆ సూదుల వల్ల ఈ జబ్బు వస్తుందని ఎక్కడా రుజువు కాలేదు. మీరు ఎవరికీ చెడు చేయలేదు."

విశ్వాసమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. యేసుప్రసాద్ కంగారు పడ్డాడు. "జబ్బు మొదట్లోనే ఉండాదంటే ఏడుస్తాండావేంది?"

"జబ్బుకు కాదులే. బరువు దిగింది."

జబ్బు పూర్తిగా పోదని, మందులతో ఏండ్ల తరబడి బాగా నెట్టుకురావచ్చని డాక్టరమ్మ చెప్పి పంపింది. మాత్రలు మొదలుపెట్టిన నెలకు చెయ్యి బిగువు సడలి, వణుకు తగ్గింది. విశ్వాసమ్మ తన జబ్బు సంగతి తాను పనిచేసే ఆసుపత్రి పెద్ద డాక్టరుకు తానే చెప్పేసింది. ఆయన పరీక్షించి, పని చేసుకోవచ్చన్నాడు.

ఆ బుధవారం, పిల్లల సూదుల రోజున, హంపమ్మను పక్కన కూర్చోబెట్టుకుని జరిగిందంతా చెప్పింది. హంపమ్మ శ్రద్ధగా విని, మనవరాలిని ఆమె ఒళ్లో పెట్టింది. సూది పడి పిల్ల కెవ్వుమంటుంటే గొంతు తగ్గించి అడిగింది:

"మా ఆయనకూ వాసన తెల్దంటాడు సిస్టరమ్మా. ఆయనక్కూడా ఇదేనా?"

"ముందు ఆయన్ను ముక్కుపొడుం మానమను" అని విశ్వాసమ్మ పకపకా నవ్వింది.