అక్షరాల తాళం

విచారణ గది తలుపు తెరుచుకునేలోగా తమ్ముడి ఫోన్ తెరుచుకోవాలి. తమ్ముడు నడిపిన క్రేన్ బరువును జారవిడిచి ఒక మనిషి ప్రాణం తీసింది. "బ్రేకు సంగతి తర్వాత, ముందు లోడు ఎత్తు" అన్న మేనేజరు గొంతు ఆ ఫోన్‌లోనే ఉంది. తమ్ముడిని కాపాడే సాక్ష్యం ఇంకేదీ లేదు.

అది ఆండ్రాయిడ్ బదులు అక్క స్వయంగా లినక్స్ ఎక్కించి ఇచ్చిన ఫోన్. ఎవరూ తెరవకూడదని నిన్న తన కంప్యూటర్ నుంచి దానికి అక్షరాలతో పాస్‌వర్డ్ పెట్టింది. తీరా చూస్తే లాక్ తెర మీద అంకెలు తప్ప అక్షరాలు లేవు.

"ఇల్లు కట్టి గుమ్మం పెట్టడం మరిచిపోయావక్కా," అన్నాడు తమ్ముడు.

"కాసేపు నోరు మూసుకుని కూర్చోరా."

వరండా బెంచీ మీద ఆమె ఫోన్ ఆపేసి, మెమరీ కార్డులో ఉన్న మరో లినక్స్‌తో దాన్ని లేపింది. అక్షరాలు తీసేసి అంకెలు పెట్టింది. కార్డు లాగి మళ్లీ ఆన్ చేసింది. ఫోన్ తెరుచుకుంది.

ఎంత వెతికినా రికార్డింగ్ కనిపించలేదు.

"ఎక్కడ దాచావురా?"

"టెంప్ అనే ఫోల్డర్‌లో. అందులో ఎవరూ చూడరు కదా."

ఆ ఫోల్డర్‌లో పెట్టినవి ఫోన్ ఆపేదాకానే ఉంటాయి. ఆపింది అక్కే.

గుమాస్తా తలుపు తీసి పిలిచాడు. తమ్ముడు లేచి చెయ్యి చాచాడు. "ఇటివ్వక్కా, లోపల వినిపిస్తా."

"లేదురా. నేనే చెరిపేశాను."

చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. గుమాస్తా మళ్లీ పిలిచాడు.