సెహత్ స్నానం

హిందూపురంలో పరుపులు కుట్టే దాదాపీర్ పెళ్లాం షంషాద్‌బీకి ఆ పసుపురంగు మందుబిళ్ళల మీద ఉన్నంత నమ్మకం మొగుడి మీద కూడా లేదు. మరి ఉండదా! రక్తం క్యాన్సరని బెంగళూరు డాక్టరు చెప్పిన రోజు కూతురు మాబున్ని లేచి కూచోలేకపోయింది. సూదులయ్యాక ఈ బిళ్ళలు మింగుతూంటే ఊడిన జుట్టు మొలిచింది, వీధి పిల్లలతో జగడాలకు కూడా దిగింది. బాగుంది కదా అని మానేస్తే జబ్బు తిరగబెడుతుందని డాక్టరు కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పి పంపాడు.

ఎండాకాలమొచ్చింది. ఊళ్లు తిరిగితేనే దూదేకే పని దొరుకుతుంది. మొగుడూ పెళ్లాం ధర్మవరం, కనగానపల్లి వైపు పోతూ పిల్లను పెనుకొండలో దాదాపీర్ తల్లి పీరాంబీ దగ్గర దింపారు. షంషాద్‌బీ బిళ్ళల సీసా ముసలమ్మ చేతిలో పెట్టింది.

"రోజూ సాయంత్రం ఒకటి అత్తా. మరిచిపోవద్దు, నీకు పుణ్యముంటాది."

"నా మనవరాలికి నేను మరుస్తానామ్మే? నాకు చెప్పేదానివైతివా!"

మరిచిపోలేదు పాపం. అదే వాళ్ల ఖర్మ.

వానలు మొదలయ్యాక తిరిగొస్తే, మాబున్ని కొత్త గాజులు గలగలలాడించుకుంటూ ఎదురొచ్చింది. షంషాద్‌బీకి కడుపు నిండిపోయింది.

"సెహత్ స్నానం చేపిచ్చినా," అని పీరాంబీ మురిసిపోయింది. "మీరు పోయిన వారానికే. వీధికంతా చక్కెర పంచినా."

జబ్బు నయమయ్యాక పోసే ఆ స్నానం వాళ్లిళ్లలో పండగ. ఆ నీళ్లు పడ్డాక మందు ముట్టరు. ముడితే వదిలిపోయిన జబ్బును మళ్ళీ ఇంట్లోకి పిలిచినట్టేనని భయం.

"బిళ్ళలు?" అంది షంషాద్‌బీ.

"స్నానమైనాక మందేందిమే? పిల్ల రాయి మాదిరి ఉండాది, చూడు!"

"నా కొంప తీసితివి కదత్తా!" షంషాద్‌బీ నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆ ప్రేమ మండిపోను! పగవాళ్లు కూడా ఇంత పని చెయ్యరు.

మర్నాడే బెంగళూరు పరిగెత్తారు. డాక్టరు నెత్తురు పరీక్ష చేయించి, జబ్బు తిరగబెట్టిందన్నాడు. మళ్ళీ సూదులు పొడిచాడు. ఏదీ పనిచేయలేదు. ఇక ఆ బిళ్ళలకు కూడా లొంగదని చెప్పి, పిల్లను ఇంటికి తీసుకుపొమ్మన్నాడు.

కబురు తెలిసి పీరాంబీ హిందూపురం వచ్చింది. షంషాద్‌బీ ఆమె మొహం కూడా చూడలేదు. ముసలమ్మ మంచం పక్కన కూలబడి కొంగుముడి విప్పింది. బిళ్ళల సీసా.

"ఒక్కటీ పారేయలేదు తల్లీ. దాచిపెట్టినా. తప్పైపాయ. ఇప్పుడన్నా ఇద్దామ్మే."

ఇప్పుడా! ఇప్పుడు గుర్తొచ్చిందా! షంషాద్‌బీకి జాలి కలగలేదు. జుట్టు పట్టి బయటికి ఈడ్వాలనిపించింది.

ఈలోగా పీరాంబీ ఒక బిళ్ళ తీసి మనవరాలి మొహం మీదికి వంగింది. "మింగు బంగారూ, బాగైపోతాది."

అవ్వ చెప్పింది కదా అని, మాబున్ని బుద్ధిగా నోరు తెరిచింది.