రూప్లి ఇంటి మంద

చర్ల బజారులో పాత ఇత్తడీ, పాత తాళాలూ కొనే మహబూబ్ అలీకి ఒకటే పిచ్చి. ఏ వస్తువు చేతికొచ్చినా అది దేనితో చేసిందో, ఎంత పలుకుతుందో తేల్చందే అన్నం సహించదు. డెబ్బై ఎనిమిది వానాకాలంలో తండా నుంచి ముసలి రూప్లి వచ్చి మూట విప్పినప్పుడు, ఆ పిచ్చే కొంప ముంచింది.

మూటలో వేలెడంత బొమ్మలు. మసీ, నెయ్యీ, సింధూరం గడ్డకట్టి ఏది ముఖమో ఏది వీపో తెలియడం లేదు.

"ఇది మా మంద సాయిబూ," అంది రూప్లి. "ఎడ్ల మీద ఉప్పు మోసిన మా పెద్దోళ్ళంతా వీటిల్నే ఉన్నరు. మా ఇంట్ల ఎవరు సచ్చినా ఆళ్ళ వేలు నేతిల ముంచి వీటికి రాస్తం. మా అత్తది రాసినం. నా పెనిమిటి సోమ్లాది నేనే రాసిన."

"అమ్ముతవా ఏంది?"

"అయ్యో, ఏం మాటలయ్యా! కొడుకులు వేరు పడుతున్నరు. ఏనుగు దంతమని ఎవడో ఆళ్ళ చెవిల ఊదిండు. చెరిసగం పంచమని నా పాణం తోడుతున్నరు. ఉత్త కట్టె ముక్కలని నువ్వు చెప్పు. నీ మాటంటే ఆళ్ళకు గురి. అప్పుడు మంద నా కాడనే ఉంటది."

"అవ్, గట్లనే చెప్త. సంత చేసుకొని రాపో అవ్వా."

చెప్పేస్తే సరిపోయేది కదా! ఊరుకుంటాడా మహానుభావుడు? ఆమె అటు పోగానే వాన పట్టుకుంది. బజారంతా తెల్లగా కరిగిపోయింది. ఒక్కటంటే ఒక్కటి చూద్దామని నూనెలో తడిపిన గుడ్డతో ఓ బొమ్మను రుద్దాడు. మసి విడిచి తొండం బయటికొచ్చింది. అరె, ఏనుగు! అడుగున కోసినచోట వలలా అల్లుకున్న సన్నని గీతలు. ఎముకైతే నల్ల చుక్కలుంటాయి. ఇది అసలు దంతమే.

ఇక చెయ్యి ఆగలేదు. గుర్రం వచ్చింది, ఒంటె వచ్చింది, అంబారీలో కూర్చున్న రాజు వచ్చాడు. చదరంగం! ఏ దొర మేడలో ఆడుతూ ఆడుతూ ఆట మధ్యలో లేచిపోయారో, ఏ అడవి దారిలో ఇది ఎడ్ల మూపుకెక్కిందో. వాన చప్పుడులో గంటలు వినిపించాయి. ఉప్పు బస్తాల ఎడ్లు వరసగా అతని గడప ముందు నుంచి నడిచిపోతున్నాయి, వాటి వెనక తెల్లటి ఏనుగులు. మహబూబ్ అలీ కూడా వాటితో నడిచాడు. అంత హాయి అతనికి జన్మలో లేదు.

తేరుకునేసరికి బల్ల మీద అన్నీ మల్లెమొగ్గల్లా తెల్లగా నిలబడి ఉన్నాయి. వెల కడితే ఈ బజారు సగం కొనొచ్చు. ఇప్పుడు వీటిని కట్టె అంటే గుడ్డివాడైనా నమ్ముతాడా? అప్పుడు తట్టింది ఏం చేశాడో.

రూప్లి తడుస్తూ వచ్చింది.

"మా మందేది సాయిబూ?"

"ఇదే అవ్వా..."

ఆమె ఒక ఏనుగును తీసి వాసన చూసింది. ఏమీ లేదు. "ఇవి మావి కావు. మార్చినవా?"

"అల్లా సాక్షి! తుడిచిన, అంతే."

ఆమె చూపు బల్ల చివరనున్న గుడ్డ మీద పడింది. ఎర్రగా, నల్లగా, జిడ్డుగా ఉంది.

"సోమ్లాను తుడిచేసినవా?" అంది.

"నా చేతులు పడిపోను! తప్పయింది అవ్వా," అన్నాడు మహబూబ్ అలీ. ఏడుపు ఆగలేదు అతనికి.

రూప్లి ఏడవలేదు. గుడ్డను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుంది. ముక్కుకు ఆనించి, గట్టిగా ఊపిరి పీల్చింది.

"ఆ ఉత్త ఎముకల్ని నా కొడుకులకియ్యి. చెరిసగం పంచుకుంటరు," అంది. "మంద నాతోనే వస్తది."

గుడ్డ తడవకుండా రవికెలో దోపుకొని, వానలోకి దిగి తండా దారి పట్టింది.